శుక్రవారం లేచే గీత

బేరిగై నుంచి హోసూరుకు పొద్దున్నే బయలుదేరే ఫ్యాక్టరీ వ్యానులో కిటికీ పక్క సీటు నళినిది, దాన్నానుకున్న సీటు పుట్టమ్మది. ఎవరూ పంచి ఇవ్వలేదు, అలా కుదిరిపోయింది. నళిని చామంతి తోటలు వేసే గోపాలప్ప కూతురు, కంప్యూటర్ డిప్లొమా చదివిన పిల్ల. పుట్టమ్మ అదే ఊళ్ళో కూలీనాలీ చేసుకుని బతికిన మనిషి. మొగుడు పోయాక, ఉన్న ఒక్క కూతురినీ ఊత్తంగరై సంబంధం చేసి పంపేశాక, ఇంట్లో గోడలతో మాట్లాడలేక ఫ్యాక్టరీ పనిలో చేరింది. నళినికి ఆమె వరసకు ఏమీ కాదు. అయినా చిన్నప్పుడు చంకనేసుకుని తోటలన్నీ తిప్పిన మనిషిని ఏదో ఒక వరస పెట్టి పిలవాలి కదా, అత్తా అని పిలిచేది.

ఇద్దరూ దిగేది సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ధనశేఖర్ నడిపే చిన్న ఫ్యాక్టరీ దగ్గర. బెంగళూరులో ఒక పెద్ద కంపెనీ చేసే మోటారు సైకిళ్ళకు బుష్‌లు, అంటే ఇరుసు చుట్టూ కూర్చునే ఇనుప ఉంగరాలు, ఇక్కడి నుంచే పోతాయి. ఆరు మిషన్లు, మిషనుకు ఒక మనిషి. బుష్ పెట్టాలి, పిడి లాగాలి, అంచు చెక్కాలి, వదలాలి. అది రేకు మీద జర్రున జారి బుట్టలో పడుతుంది. మళ్ళీ ఇంకొకటి పెట్టాలి. సాయంత్రానికి భుజం మనది కాదన్నట్టు ఉంటుంది.

ఇది రెండు వేల ఐదులో సంగతి. అప్పటిదాకా నళిని చేసే పనల్లా నిన్న ఎన్ని బుష్‌లు అయ్యాయో ఇవాళ కంప్యూటర్లో కొట్టడం. అది చూస్తే ధనశేఖర్‌కు ఒళ్ళు మండేది.

"నిన్నటి సంగటి ఈ పొద్దు వడ్డిస్తా ఉండావు కదమ్మా. ఇప్పుడు ఏమవుతా ఉందో చెప్పు" అనేవాడు.

ఆ మాట నళినికి ఎక్కడో తగిలింది. బాగలూరు రోడ్డులోని ఇంటర్నెట్ సెంటర్లో శనివారం సాయంత్రాలన్నీ ధారపోసి, ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఏ దేశంలోనో కూర్చుని రాసిన పాఠాలు చదివి, తప్పులు చేసి, దిద్దుకుని, చివరికి అనుకున్నది సాధించింది. పిల్ల మొండిది. వాళ్ళ నాన్న కూడా అంతే, వానలు లేని ఏడు కూడా చామంతి వేస్తాడు.

ఆమె చేసిందేమిటంటే, ప్రతి మిషను రేకుకూ ఒక పక్క చిన్న దీపం, ఎదురుగా దాన్ని చూసే ఒక కన్ను బిగింపించింది. బుష్ జారుతూ నడుమ అడ్డం వస్తే కన్నుకు దీపం కనబడదు. కనబడని ప్రతిసారీ ఒకటి లెక్క. ఆ లెక్క తీగ వెంబడి వచ్చి కంప్యూటర్లోని డేటాబేస్‌లో పడుతుంది. నళిని రాసిన వెబ్ పేజీ అర నిమిషానికొకసారి ఆ డేటాబేస్‌ను అడిగి, ఆరు మిషన్లకు ఆరు రంగుల్లో గీతలు గీస్తుంది. పని జోరుగా సాగితే గీత లేస్తుంది, మందగిస్తే వాలుతుంది. కొత్తగా వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ పుణ్యమా అని బెంగళూరులో కూర్చున్నవాళ్ళు కూడా దాన్ని చూడవచ్చు.

మొదటి రోజు ధనశేఖర్ కాఫీ చల్లారేదాకా ఆ పేజీనే చూశాడు. రెండో రోజూ అంతే. వారం తిరిగేసరికి గదిలోంచి బయటికి రావడమే మానేశాడు. గోడకు అవతల మిషన్లు పెట్టుకుని, ఇవతల తెర మీద వాటి గీతలు చూసే మనిషిని ఏమనాలి? పెళ్ళికొడుకును పక్కన పెట్టుకుని ఫోటో చూసి మురిసే పెళ్ళికూతురు నయం. కానీ ఆయన మురిపెం చూసి నళినికి లోపల ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేం. తను గీయించిన గీతలు మరి.

మిషన్ల దగ్గర మాత్రం అందరికీ గుండెల్లో రాయి పడింది.

"మనం టీకి పోయినా ఆ గీత కిందికి పడతాదంట. తుమ్మినా సారుకు తెలుస్తాదంట" అని మూడో మిషను పరశురామ్ ఊరంతా చాటాడు.

అందరికంటే ఎక్కువ బెదిరింది పుట్టమ్మ. సూపర్‌వైజర్ శేషప్పకు మొదటి నుంచీ ఆమె మీద గురి లేదు. వయసు మళ్ళింది, చెయ్యి నిదానం, దీపావళి అయ్యాక ఆమెను పంపేసి మిషను ఎవరైనా చిన్నవాళ్ళకు ఇద్దామని ధనశేఖర్ చెవిన వేసి ఉంచాడు. ఇలాంటి మాటలకు కాళ్ళుంటాయి, అది నడుచుకుంటూ పుట్టమ్మ దాకా వచ్చింది.

"పాపా, నీ గీత నా మెడకు చుట్టుకుంటాదేమో చూడు" అంది వ్యానులో.

"నువ్వు భయపడాల్సిన పని లేదత్తా" అని నవ్వేసింది నళిని. నవ్విందే గానీ ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు.

తీరా జరిగింది వేరు. శుక్రవారం వచ్చింది. మిషన్లకు ప్రతి శుక్రవారం చేసే పూజ ముగిసి, అవి మళ్ళీ మొదలైన కాసేపటికి నీలం రంగు గీత ఒకటి లేచింది. లేవడమంటే అలా ఇలా కాదు, మిగిలిన ఐదూ కింద ఎక్కడో పాకుతుంటే అది పాలు పొంగినట్టు పొంగింది. నీలం పుట్టమ్మది. ధనశేఖర్ కుర్చీలోంచి లేచి శేషప్పను కేకేశాడు. శేషప్ప కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

"ఇది పుట్టమ్మదేనా సార్?"

"మరి నీదా?" అన్నాడు ధనశేఖర్.

శనివారం మళ్ళీ మామూలే. సోమవారం నుంచి గురువారం దాకా మామూలే. శుక్రవారం వచ్చిందంటే మాత్రం లేచేది. అలా రెండు మూడు వారాలు చూశాక, శుక్రవారం ఆమె ఒంటి మీదికి అమ్మవారు వచ్చి పని చేయిస్తోందని పరశురామ్ తేల్చేశాడు. పుట్టమ్మ ముందు కొట్టిపారేసింది, తర్వాత సిగ్గుపడింది, ఆ తర్వాత నమ్మేసింది. నడకే మారిపోయింది. క్యాంటీన్‌లో నాగక్క అడక్కుండానే ఆమె పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసేది. మనిషన్నాక మెప్పు చేదా?

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. సాయంత్రం ఆరు బుట్టలనూ కలిపి కాటా మీద తూచేవాళ్ళు. శుక్రవారాలు తూకం తక్కువ తేలేది. పేజీ ఒకటి చెబితే కాటా ఇంకొకటి చెప్పేది. బుద్ధున్నవాడైతే పేజీని ఒకసారి అనుమానిస్తాడు. మనవాళ్ళు కాటాను అనుమానించారు. అంత అందంగా, అన్ని రంగుల్లో కనబడేది అబద్ధం ఎలా అవుతుందని వాళ్ళ నమ్మకం. కృష్ణగిరి నుంచి మెకానిక్కును పిలిపిస్తే, అతను కాటా విప్పి, తుడిచి, బిగించి, దీనికి ఏ జబ్బూ లేదప్పా అని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆయుధపూజ దగ్గరపడే వేళకు ధనశేఖర్‌కు ఒక ఆలోచన వచ్చింది. యజమానులకు వచ్చే ఆలోచనలన్నీ వాళ్ళకు గొప్పగానే ఉంటాయి. వయసు మళ్ళిన ఆడమనిషి ఇన్ని చేస్తుంటే దుక్కల్లాంటి కుర్రాళ్ళు ఎందుకు చెయ్యరు? పూజ నాడు అందరి ముందూ పుట్టమ్మకు ప్రెషర్ కుక్కర్ బహుమతి ఇవ్వాలి. ఆమె శుక్రవారం లెక్కే ఇక మీదట అందరికీ రోజువారీ టార్గెట్ అని చెప్పాలి. అందుకోలేనివాళ్ళు వేరే పని చూసుకోవచ్చు. ఇదీ ఆలోచన. బుష్‌లు కొనే బెంగళూరు కంపెనీ ఆఫీసరుకు కూడా ఫోను చేసి, పూజ వేళకు పేజీ తెరిచి మా సంబరం చూడండి సార్ అని చెప్పేశాడు.

టార్గెట్ మాట వినగానే నళిని వేళ్ళ మీద లెక్క వేసి చూసుకుంది. పేజీ చెప్పినన్ని బుష్‌లు కావాలంటే మనిషికి నాలుగు చేతులుండాలి. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళూ తట్టకపోవడం చూసి ఆమెకు తన మీదే కోపం వచ్చింది. మెచ్చుకోళ్ళ మత్తు అలాంటిది. పూజకు ముందు వచ్చిన శుక్రవారం ఆమె కంప్యూటర్ వదిలి లోపలికి వెళ్ళి, పుట్టమ్మ మిషను పక్కన నిలబడింది.

శుక్రవారం మిషన్లకు పసుపూ కుంకుమా పెట్టి, ఒక పువ్వు పెట్టి, కర్పూరం చూపించడం హోసూరులో ఏ ఫ్యాక్టరీలోనైనా ఉన్నదే. అయితే పుట్టమ్మ భక్తి అందరికంటే ఒక మూర పొడుగు. ఊళ్ళో కనకాంబరాలు తనే కట్టి తెచ్చి మిషనుకు వేసింది. తర్వాత వంగి, రేకు దగ్గర ఆ కొత్త కన్ను బిగించిన చువ్వకు ఇంకో మూర చుట్టింది. మిగిలిన కొస అలా వేలాడుతూ ఉండిపోయింది. స్తంభం మీది ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా ఆ కొస ఊగి, దీపానికీ కన్నుకూ నడుమ అడ్డం వచ్చి పోతోంది. ఊగినప్పుడల్లా లెక్కలో ఒక బుష్. సాయంత్రం వాడిన పూలు తీసేస్తే శనివారానికి మళ్ళీ మామూలే.

"దీనికి కూడా పూలేల అత్తా?" అంది నళిని.

"బాగుంది. అన్నిటికీ పెట్టి, నువ్వు పెట్టిన కన్నుకే పెట్టకుంటే ఎట్ల పాపా? దిష్టి తగలదా?" అంది పుట్టమ్మ.

నళినికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. ఇప్పుడీ సంగతి బయటపెడితే పుట్టమ్మకు వచ్చిన పేరు పోతుంది, దీపావళి తర్వాత పనీ పోతుంది. బయటపెట్టకపోతే పువ్వులు చేసిన లెక్క ఆరుగురి నెత్తినా పడుతుంది, దాన్ని అందుకోలేక మొదట ఇంటికి పోయేది కూడా పుట్టమ్మే. కక్కలేక మింగలేక అవస్థపడి, మధ్యాహ్నం ధైర్యం చేసి ధనశేఖర్ గది తలుపు తట్టింది. ఆయన ఫోనులో కుక్కర్ రంగు గురించి మాట్లాడుతున్నాడు. ఏదైనా ఉంటే పూజ అయినంక మాట్లాడదాంలేమ్మా అని చెయ్యి ఊపాడు.

సాయంత్రం వ్యానులో పుట్టమ్మకే ముందు చెబుదామనుకుంది.

"అత్తా, ఒక మాట."

"నేను నీకు చెప్పల్ల ముందు" అంది పుట్టమ్మ. "ఊత్తంగరైకి ఫోను చేసినాను. మా పాప ఏడ్చేసింది. మీ మామ పోయినంక నన్ను పదిమందిలో పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు. ఇప్పుడు సారే పిలుస్తాడంట, మైకులో." అని కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వేమో చెప్తానంటివే?" అంది.

"ఏమీ లేదత్తా" అంది నళిని. పిరికిది అనకండి, ఆ మొహం చూస్తూ చెప్పగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు దండం పెట్టవచ్చు.

ఆయుధపూజ రానే వచ్చింది. మిషన్లన్నీ తుడిచి, విభూతి పట్టెలు దిద్ది, గుమ్మానికి అరటి పిలకలు కట్టారు. ఒక మూల బొరుగులు, గుగ్గిళ్ళు, స్వీటు పొట్లాలు. పుట్టమ్మ మిషను పూలవల్లే కలిసొచ్చిందని శేషప్పకు ఎవరో చెప్పారు కాబోలు, అన్ని మిషన్లకూ అదే మాదిరి చెయ్యండప్పా అని దగ్గరుండి చేయించాడు. ఏ చువ్వకు చూసినా మూరెడు కనకాంబరం. పెళ్ళిళ్ళకు వీడియో తీసే అతని దగ్గర ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి, తలుపులు మూసి, తెల్ల పంచె ఒకటి గోడకు కట్టారు. ఆ రోజు మిషను ఆడించడం పాపం కాబట్టి మిషన్లకు కరెంటు ఇచ్చే స్విచ్ ఆపేశారు. లైట్లూ ఫ్యాన్లూ ఉన్నాయి, కంప్యూటరూ దానికి కట్టిన కళ్ళూ మేలుకునే ఉన్నాయి.

బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. ధనశేఖర్ మైకు అందుకున్నాడు. పుట్టమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని ముందు వరసలో నిలబడి ఉంది. కుక్కర్ మెరిసే కాగితంలో బల్ల మీద ఉంది.

"నళినమ్మా, పోయిన శుక్రవారం గీత చూపించమ్మా" అన్నాడు ధనశేఖర్.

నళిని చెయ్యి మౌస్ మీద ఉంది. పోయిన శుక్రవారం పేజీ ఒక్క నొక్కు దూరం. ఆమె దాన్ని తెరవలేదు. ఈ క్షణం డేటాబేస్‌లో ఏం పడుతోందో చూపించే పేజీ తెరిచింది.

పంచె మీద ఆరు రంగుల గీతలూ పోటీలు పడి లేస్తున్నాయి. ధనశేఖర్ ఇంకా జనం వైపు తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. జనం మాత్రం నోరు తెరుచుకుని పంచె వైపు చూస్తున్నారు. పరశురామ్ వెనక్కి తిరిగి మిషన్లు చూశాడు, మళ్ళీ గీతలు చూశాడు.

"సార్, మిషన్లు ఆపేసి ఉండాయి కదా?" అన్నాడు.

అంతలో ధనశేఖర్ ఫోను మోగింది. బెంగళూరు ఆఫీసరు. ఆయనది కోలారు, గొంతు పెద్దది. మైకు దగ్గరే ఉండేసరికి ఫ్యాక్టరీ అంతా వినబడింది.

"ఏమప్పా ధనశేఖర్, ఆయుధపూజ నాడు కూడా ఇంత తోలుతా ఉండారా మిషన్లు? ఒక్క దినమన్నా వాటిని ఊపిరి తీసుకోనీండప్పా."

ధనశేఖర్ అప్పుడు తిరిగి చూశాడు. నళిని లేచి, మూడో మిషను దగ్గరికి నడిచి, ఊగుతున్న పూల కొసను చువ్వ మీదికి ఎత్తి పెట్టింది. కాసేపటికి పంచె మీద ఎర్రగీత చప్పున పడిపోయింది. తర్వాత ఐదో మిషను. పసుపు గీత పడిపోయింది. అప్పుడు చెప్పింది, ఫ్యాను సంగతి, కొస సంగతి, శుక్రవారం తను చూసిన సంగతి అంతా. ఒక్క ముక్క దాచలేదు.

"ఇన్ని దినాలు నేను కాఫీ తాగతా చూసింది పూలనా?" అన్నాడు ధనశేఖర్.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. కాటా మెకానిక్కు గుర్తొచ్చి శేషప్ప పొట్ట పట్టుకున్నాడు. ధనశేఖర్ కాసేపు కోపంగా ఉండాలని చూశాడు, పాపం, కుదరలేదు. ఫోనులో ఆఫీసరు ఏమైందప్పా అని అడుగుతుంటే, మళ్ళా చేస్తాను సార్ అని పెట్టేసి ఆయనా నవ్వేశాడు.

నవ్వనిది పుట్టమ్మ ఒక్కతే.

"అట్లయితే ఆ గీత నాది కాదా పాపా?" అంది.

"కాదత్తా."

పుట్టమ్మ బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. "శుక్రవారం వస్తే భుజం నొప్పే ఉండలేదు నాకు. నిజంగానే ఉండలేదు" అంది, తనలో తాను చెప్పుకున్నట్టు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ క్షణం నళిని తన పేజీని తనే తిట్టుకుంది.

శేషప్ప మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అందుకే సార్ నేను ముందే అంటిని, దీపావళి అయినంక..."

"ఒక్క నిమిషం సార్" అంది నళిని.

ఆమె దగ్గర ముందే సిద్ధం చేసి పెట్టుకున్నదేమీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, శుక్రవారాలన్నీ వదిలేసి మిగతా రోజుల లెక్క మాత్రం తీసుకురమ్మని డేటాబేస్‌కు రాసింది. ఏమి వస్తుందో ఆమెకూ తెలియదు. వస్తే పుట్టమ్మ నిదానం అందరి ముందూ బయటపడవచ్చు కూడా. అయినా నిజంతో మొదలుపెట్టాక సగంలో ఆపకూడదనుకుంది.

పంచె మీద ఆరు గీతలు పడ్డాయి. ఐదు గీతలు పొద్దున్నే ఎగిరి, భోజనాలయ్యాక వాలి, టీ తర్వాత కాస్త లేచి, సాయంత్రానికి మళ్ళీ వాలాయి. పరశురామ్‌ది అయితే సోమవారం ఒక రకం, శనివారం ఇంకో రకం. నీలం గీత మాత్రం పొద్దున మొదలైన ఎత్తులోనే సాయంత్రం దాకా సాగింది. ఏ రోజు చూసినా అంతే. ఎగిరిందీ లేదు, పడిందీ లేదు.

ధనశేఖర్ మైకు పక్కన పెట్టి పంచె దగ్గరికి వచ్చాడు.

"మొత్తం కలిపితే ఎవరిది ఎక్కువమ్మా?"

నళిని చూసింది. "పరశురామ్‌ది కొంచెం ఎక్కువ సార్. దాని తర్వాత అత్తదే."

శేషప్ప కళ్ళద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ధనశేఖర్ ఆయన వైపు తిరిగి, "టార్గెట్ లేదు ఏమీ లేదు, ఆ మాట ఇడిచిపెట్టండి. దీపావళి మాట కూడా నేను వినలేదు, నువ్వు అనలేదు శేషప్పా" అన్నాడు. తర్వాత కుక్కర్ తీసుకుని పుట్టమ్మ ముందుకు వచ్చి, "పుట్టమ్మా, దా" అని పేరు పెట్టి పిలిచాడు.

పుట్టమ్మ కుక్కర్ వైపు చూడలేదు. లేచి పంచె దగ్గరికి వెళ్ళి నిలబడింది. నీలం గీత ఆమె చీర మీదా చేతుల మీదా పడింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో దాన్ని తడుముకుంటూ నడిచింది.

"ఇది నేనేనా?"

"నువ్వే అత్తా."

"పూలేమీ లేకుండానా?"

"ఏమీ లేకుండా."

పుట్టమ్మ ఇంకోసారి మొత్తం చూసుకుంది. "దానికంటే ఇదే బాగుంది పాపా" అంది.